గడ్డి కప్పు లెక్క: నగదు సాయంతో పల్లె కుటుంబంలో ఏం మారుతుంది?

కెన్యా పశ్చిమాన, విక్టోరియా సరస్సుకు దగ్గరలో రరియెడా అనే ప్రాంతం ఉంది. 2011 ప్రాంతంలో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ అక్కడి పల్లెల్లో పేద ఇళ్లను గుర్తించడానికి ఒక్క ఆనవాలే పెట్టుకుంది: ఇంటి మీద గడ్డి ఉందా, రేకులు ఉన్నాయా? గడ్డి కప్పు ఉన్న ఇళ్లలోంచి చీట్లు తీసినట్టుగా కొన్నింటిని ఎంచి, ఫోను ద్వారా డబ్బు పంపింది. తిరిగి ఇవ్వనక్కరలేదు. ఫలానా దానికే ఖర్చు పెట్టాలన్న షరతూ లేదు. ఆ తర్వాత యోహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షపీరో అనే ఆర్థికవేత్తలు ఆ కుటుంబాల వివరాలు సేకరించి చూస్తే, డబ్బు అందని ఇళ్లకంటే అందిన ఇళ్ల మీద రేకులు చాలా ఎక్కువగా కనిపించాయి.

పూటకు తిండి సరిపోని ఇంటివాళ్లు చేతికి డబ్బు రాగానే దాన్ని పైకప్పు మీద పెట్టడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. గడ్డి కింద బతికినవాళ్లకు అనిపించదు. గడ్డి కొన్నాళ్లకే కుళ్లుతుంది. మళ్లీ గడ్డి కొనాలి, లేదా కోసి మోసుకు రావాలి. కప్పేవాళ్లకు కూలి ఇవ్వాలి. వాన పడిన రాత్రి ఇంటిల్లిపాదీ చినుకు పడని మూల వెతుక్కుంటారు. దాచిన గింజలు తడిసి ముక్కిపోతాయి. రేకులు ఒకసారి వేస్తే ఈ ఖర్చు ఏళ్ల తరబడి తప్పుతుంది. నాలుగు కాలాల మీద లెక్క వేస్తే చవకగా కనిపించే గడ్డే ఎక్కువ డబ్బు తినేస్తుంది. ఈ సంగతి ఆ కుటుంబానికి ఎవరూ నేర్పనక్కరలేదు. రేకులకు కావలసిన మొత్తం ఒకేసారి ఎన్నడూ చేతిలో పడక, తెలిసి తెలిసీ వాళ్లు ఏటా గడ్డి మీదే ఖర్చు పెడుతూ వచ్చారు.

నగదు సాయం గురించి మాటలు మొదలైతే చాలాసార్లు "ఇస్తే బాగుపడతారా, చెడిపోతారా" అన్న దగ్గరే తిరుగుతాయి. నాకు మాత్రం కీలకం ఇంకోచోట కనిపిస్తుంది. పల్లెలో తక్కువ ఆదాయంతో బతికే కుటుంబానికి రెండు ఇబ్బందులు ఉంటాయి. డబ్బు చాలకపోవడం ఒకటి. వచ్చే ఆ కాస్తా ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఖర్చవుతుందో తన చేతిలో లేకపోవడం రెండోది. మొదటి ఇబ్బందిని సాయం కొద్దిగానే తగ్గిస్తుంది. రెండోదాన్ని, సరిగా ఇస్తే, బాగా సడలిస్తుంది. కాబట్టి ఎంత ఇచ్చారన్న అంకె ఒక్కదాన్నే చూసి ఏ పథకం మీదా తీర్పు చెప్పలేం. ఏ నెలలో ఇచ్చారు, ఎన్ని విడతల్లో ఇచ్చారు, ఎవరి చేతికి ఇచ్చారు, ఎన్నాళ్లు ఇస్తామని చెప్పారు అన్నవి కూడా చూడాలి.

అమ్మేటప్పుడు చవక, కొనేటప్పుడు ప్రియం

కోతల రోజులు తీసుకోండి. ఊరంతా ఒకేసారి అమ్ముతుంది కాబట్టి గింజల ధర ఏడాదిలో అప్పుడే అడుగున ఉంటుంది. ఆగితే పెరుగుతుందని అందరికీ తెలుసు. అయితే పెట్టుబడికి అప్పు ఇచ్చినవాడు కోత దాకానే గడువు ఇచ్చాడు. పిల్లల ఫీజులు అప్పుడే కట్టాలి. ఇంట్లో ఎవరికో జబ్బు చేసి ఉంటుంది. కుటుంబం అమ్మేస్తుంది. నాలుగైదు నెలలకు ఇంట్లో గింజలు అయిపోయి, అవే గింజలను అంతకంటే బాగా ఎక్కువ ధరకు కొనుక్కుంటుంది. తాను పండించిన పంట మీద తానే నష్టపోతుంది.

కెన్యాలో మొక్కజొన్న రైతుల మీద జరిగిన ఒక ప్రయోగంలో కోత సమయంలో వాళ్లకు చిన్న అప్పు ఇచ్చి చూశారు. అప్పు అందినవాళ్లు గింజలు నిలవ చేసి, ధర పెరిగాక అమ్మి, వడ్డీ పోను లాభపడ్డారు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఒకటి ఉంది. ఒకే సంత చుట్టూ చాలామందికి అప్పు అందిన చోట, కోత నాటి ధరకూ ఆ తర్వాతి ధరకూ మధ్య తేడా తగ్గింది. అంటే అప్పు తీసుకోని పక్కింటివాళ్లకూ కొంత మేలు జరిగింది. ఇది దానం కాదు, అప్పే. అయినా ఇక్కడ దాన్ని తెచ్చింది ఎందుకంటే, ఆ డబ్బు చేసిన పని ఒక్కటే: రైతును కొన్ని వారాల పాటు ఆగనిచ్చింది.

జాంబియాలో ఇదే కథ మరో ఋతువులో నడిచింది. పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో అక్కడి చిన్న రైతులు సొంత చేనులో కలుపు వదిలేసి, ఆ పూట తిండి కోసం ఇతరుల పొలాల్లో కూలికి వెళతారు. సరిగ్గా పైరుకు మనిషి అవసరమైన రోజుల్లో మనిషి ఉండడు. దిగుబడి తగ్గుతుంది, మరుసటి ఏడు మళ్లీ అదే తిప్పలు. ఆ ఆకలి నెలల్లో డబ్బో గింజలో అప్పుగా అందించి, కోతల్లో తిరిగి తీసుకున్నప్పుడు, రైతులు కూలికి వెళ్లడం తగ్గించి సొంత చేనుకు ఎక్కువ సమయం ఇచ్చారు. కూలికి వచ్చేవాళ్లు తగ్గడంతో ఊళ్లో కూలి రేట్లు కూడా పెరిగాయి. ఈ ఫలితాన్ని "సోమరితనం పెరిగింది" అని రాసుకునేవాళ్లూ ఉంటారు. ఎవరి పొలంలో నిలబడి చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

నెలనెలా ఇవ్వాలా, ఒకేసారి ఇవ్వాలా?

రరియెడాలో డబ్బు అందుకున్నవారిలో కొందరికి ఒకేసారి ఇచ్చారు, కొందరికి తొమ్మిది నెలలుగా పంచి ఇచ్చారు. నెలనెలా అందినవాళ్ల ఇళ్లలో తిండికి కొరత తగ్గింది. ఒకేసారి అందినవాళ్లు ఎక్కువగా సామాను, రేకుల వంటి వాటి మీద పెట్టారు. రెండూ సబబైన నిర్ణయాలే. నెలవారీ సాయంతో పైకప్పు వేయాలంటే ముందు పొదుపు చేయాలి. ఇంట్లో ఆకలి ఉన్నప్పుడు, చుట్టాలు చేబదులు అడుగుతున్నప్పుడు, డబ్బు దాచిపెట్టడం పేదవాళ్లకే కాదు, ఎవరికైనా కష్టమే.

అదే గివ్‌డైరెక్ట్లీ సంస్థ తర్వాత కెన్యాలోనే మరింత పెద్ద ప్రయోగానికి దిగింది. కొన్ని ఊళ్లలో వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ నెలకు సుమారు 22 డాలర్లు 12 ఏళ్ల పాటు ఇస్తామన్నారు. కొన్ని ఊళ్లలో అంతే మొత్తం రెండేళ్లు ఇస్తామన్నారు. ఇంకొన్ని ఊళ్లలో ఆ రెండేళ్ల సొమ్మును ఒకేసారి ఇచ్చారు. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ తదితరులు రెండేళ్ల తర్వాత చూసినప్పుడు, చిన్న వ్యాపారాలు పెట్టడంలో వెనకబడింది రెండేళ్ల నెలవారీ జట్టు. 12 ఏళ్ల హామీ ఉన్నవాళ్లు అప్పటికి అందుకున్నది ఆ రెండేళ్ల జట్టు అందుకున్నంతే. అయినా ముందుకు వెళ్లారు. ఎలాగంటే, వాళ్లు తమలో తాము చీటీలు వేసుకున్నారు. నెలనెలా వచ్చేదాన్ని చీటీలో కట్టి, తమ వంతు వచ్చినప్పుడు పెద్ద మొత్తంగా అందుకుని, దాన్ని దుకాణానికో మరో పనికో పెట్టుబడి చేసుకున్నారు. వచ్చే ఏడూ డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంటేనే చీటీలో దిగగలరు, ఒకరినొకరు చేర్చుకోగలరు. పథకం రాసేవాళ్లు నెలవారీ సాయాన్ని ఎంచుకుంటే, ఊరివాళ్లు దాన్ని తమకు కావలసిన ఆకారంలోకి మార్చుకున్నారు.

ఇచ్చిన డబ్బు తాగుడుకే పోతుందన్న అనుమానం సంగతికి వస్తే, దాని మీద ఎక్కువ సేపు ఆగనక్కరలేదు. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే పరిశోధకులు వివిధ దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను వడపోసి చూస్తే, నగదు అందాక మద్యం, పొగాకు ఖర్చు దాదాపు పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. బద్ధకం సంగతీ అంతే. ఆరు దేశాల్లో ఏడు ప్రభుత్వ పథకాలను పరిశీలించినప్పుడు, సాయం అందుకున్నవాళ్లు పని మానేశారనడానికి ఆధారం దొరకలేదు. మెక్సికో గ్రామాల్లో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం గురించిన ఒక అధ్యయనం ప్రకారం, అందిన ప్రతి పెసోలో (అంటే నూరు సెంటావోల్లో) 74 సెంటావోలు ఇంటి వాడకానికి వెళితే, 26 సెంటావోలు పశువుల వంటి ఆదాయం తెచ్చే వాటిలోకి వెళ్లాయి. అనుమానానికి ఇన్నేళ్లుగా ఇన్ని కొలతలు సమాధానం చెప్పాయి. అయినా ఆ ప్రశ్న చావదు. దానికి కారణం లెక్కల్లో లేదని నా ఉద్దేశం.

డబ్బు చింత తగ్గి ఇంట్లోవాళ్ల మనసు తేలికపడటం అనే మార్పును కొలవడం కష్టం. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు వచ్చాక మరోసారి బుద్ధి చురుకును కొలిచే పరీక్షలు పెట్టారు. అదే మనిషి డబ్బు ఉన్నప్పుడు మెరుగ్గా చేశాడు. ఈ ఫలితం ఎంత దూరం వర్తిస్తుందన్న దాని మీద పరిశోధకుల్లో వాదన నడుస్తూనే ఉంది. రరియెడాలోనూ ఇలాంటి చిక్కే ఎదురైంది. డబ్బు అందినవాళ్లు మనసు కుదుటపడిందని చెప్పారు, కానీ ఒత్తిడికి సూచికగా చూసే కార్టిసాల్ అనే హార్మోను సగటున మారలేదు. నేను మనుషుల మాటనే ఎక్కువ నమ్ముతాను.

ఎవరి చేతిలో పడింది?

ప్రోగ్రెసా డబ్బును తల్లుల చేతికి ఇచ్చింది. హైస్కూలు వయసులో ఆడపిల్లలకు మగపిల్లలకంటే కాస్త ఎక్కువ ఇచ్చింది, ఎందుకంటే ఆ వయసులో బడి మానేసేది వాళ్లే ఎక్కువ. అప్పటి నుంచి "ఆడవాళ్ల చేతికి ఇస్తే పిల్లలకు చేరుతుంది" అన్నది దాదాపు సామెతలా మారింది. ఎప్పుడూ అంత సూటిగా ఉండదు. రరియెడాలో భర్తకు ఇవ్వాలా, భార్యకు ఇవ్వాలా అన్నది కూడా చీటీ తీసి నిర్ణయించారు. చాలా విషయాల్లో పెద్ద తేడా కనిపించలేదు.

నైజర్‌లో మాత్రం ఒక చిన్న తేడా పెద్ద మార్పు తెచ్చింది. కరవు తర్వాత అక్కడ ఆడవాళ్లకు సాయం ఇస్తూ, కొందరికి నోట్లు చేతికి ఇచ్చారు, కొందరికి ఫోనులోకి పంపారు. మొత్తం ఒక్కటే, నెలలూ అవే. ఫోనులోకి అందుకున్న ఇళ్లలో రకరకాల తిండి వండారు. పిల్లలు రోజుకు ఒక పూటలో మూడో వంతు ఎక్కువ తిన్నారు. నోట్లు పంచే రోజు ఊరందరికీ తెలుస్తుంది. ఆమె ఎంత తెచ్చిందో ఇంట్లో ముందే తెలిసిపోతుంది. పైగా పంచే చోటికి నడిచి వెళ్లి వరసలో నిలబడాలి. ఫోనులో పడితే ఆ సంగతి ముందు ఆమెకే తెలుస్తుంది. ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, ఇంట్లో ఎప్పుడు చెప్పాలో ఆమే నిర్ణయించుకోవచ్చు. ఇంట్లో మాట చెల్లడానికి కొన్నిసార్లు అంత మాత్రం చాలు.

షరతుల గురించిన గొడవ కూడా ఇక్కడికే వస్తుంది. పిల్లల్ని బడికి పంపితేనే డబ్బు ఇవ్వాలా? మలావీలోని జోంబాలో 2008, 2009లో యుక్తవయసు ఆడపిల్లల కుటుంబాలను రెండు జట్లు చేసి చూశారు. బడికి వస్తేనే డబ్బు అన్న జట్టులో చదువు మెరుగ్గా సాగింది. షరతు లేని జట్టులో పెళ్లిళ్లూ గర్భాలూ గణనీయంగా తగ్గాయి. కారణం సులువే. బడి మానేసిన పిల్లకు షరతు ఉన్న పథకంలో డబ్బు ఆగిపోతుంది. షరతు లేని పథకంలో, బడి మానేసినా ఇంటికి డబ్బు వస్తూనే ఉంటుంది, ఆమెను పెళ్లి చేసి పంపాలన్న తొందర తగ్గుతుంది. షరతు చదువుకునే పిల్లను బడిలో నిలబెట్టింది, మానేసిన పిల్లను మాత్రం సరిగ్గా సాయం కావలసిన సమయానికి వదిలేసింది. ఏది మేలన్నది ఏ పిల్లను చూసి అడుగుతున్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

డబ్బు అందని పొరుగిల్లు

ఒక ఇంటికి డబ్బు వస్తే పక్క ఇంటికి ఏమవుతుంది? అర్థశాస్త్రంలో పాత భయం ఒకటి ఉంది: చేతుల్లో డబ్బు పెరుగుతుంది, సరుకు పెరగదు, ధరలు ఎగిసి అందరికీ నష్టం. దీన్ని నేరుగా కొలిచే ప్రయోగం కెన్యాలోనే సియాయా కౌంటీలో 2014లో మొదలైంది. ఆర్థికవేత్త ఎడ్వర్డ్ మిగెల్ తదితరులు 653 గ్రామాలను ఎంచుకున్నారు. వాటిలో దాదాపు 10,500 పేద కుటుంబాలకు తలా సుమారు 1,000 డాలర్లు అందాయి. ఉధృతంగా పంచిన ఏడాదిలో ఆ సొమ్ము స్థానిక ఆర్థిక వ్యవస్థలో 15 శాతం దాటింది. అంత డబ్బు పోసినా ధరలు సగటున 0.1 శాతమే పెరిగాయి. పంచిన ఒక్కో డాలరు ఆ ప్రాంతపు ఆదాయాన్ని దాదాపు రెండున్నర డాలర్ల మేర పెంచింది. డబ్బు అందని ఇళ్ల ఖర్చు కూడా పెరిగింది.

ఇదెలా సాధ్యం? ఊరి పిండిమర రోజంతా ఆడదు. దుకాణదారు సగం రోజు ఖాతాదారు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటాడు. కుట్టుపనివాడికి వారానికి రెండు రోజులే పని ఉంటుంది. గిరాకీ పెరిగితే వాళ్లు ధర పెంచనక్కరలేదు, ఖాళీగా ఉన్న గంటలు నిండితే చాలు. రేకులు వేయించుకున్న కుటుంబం వడ్రంగికి కూలి ఇచ్చింది, వడ్రంగి పిండిమరకు వెళ్లాడు. పేద ఊరిలో వాడకానికి రాని సామర్థ్యం ఇంత పడి ఉంటుందని ఈ అంకెలు చూసే వరకూ నేనూ ఊహించలేదు.

అయితే దీన్ని ప్రతి ఊరికీ అంటగట్టకూడదు. సంత దూరమైతే కథ తిరగబడుతుంది. ఫిలిప్పీన్స్‌లో పాంటావిడ్ అనే నగదు సాయం పథకం కింద, మారుమూల ఊళ్లలో ఎక్కువ కుటుంబాలకు డబ్బు అందిన చోట గుడ్ల వంటి త్వరగా పాడయ్యే సరుకుల ధరలు పెరిగాయి. సాయం అందిన ఇళ్ల పిల్లలు లాభపడ్డారు. అందని ఇళ్ల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివాళ్లు ఎక్కువయ్యారు. బియ్యాన్నో పిండినో బస్తాల్లో ఎక్కడి నుంచైనా తేవచ్చు. గుడ్లను పాడైన దారిలో దూరం నుంచి తేవడం అంత తేలిక కాదు. మెక్సికోలో నగదునూ ఆహార పొట్లాలనూ పోల్చి చూసినప్పుడు కూడా, ధరల మీద ప్రభావం దూరపు ఊళ్లలోనే బలంగా కనిపించింది. దారి లేని ఊరికి సరుకే పంపడం మేలు కావచ్చు. నగదు గొప్పా, సరుకు గొప్పా అన్న వాదనకు సగం జవాబు ఆ ఊరి రోడ్డు దగ్గరే దొరుకుతుంది.

పొరుగువాళ్ల మనసు సంగతి ఇంకోటి. ఇండోనేసియాలో 640 గ్రామాల్లో పేదలను రెండు తీరుల్లోనూ, ఆ రెండూ కలిపీ గుర్తించి చూశారు: ఇంటి ఆస్తుల వివరాలను లెక్కకట్టి ఒక తీరు, ఊరి సభలో అందరూ కూర్చుని వరస నిర్ణయించడం మరో తీరు. తలసరి ఖర్చుతో సరిపోల్చితే లెక్క కాస్త కచ్చితంగా తేలింది. కానీ సభ పెట్టిన ఊళ్లలో జనం ఎంతో సంతృప్తిగా ఉన్నారు, ఫిర్యాదులు తగ్గాయి. తమకు ఎందుకు రాలేదో తెలిసినవాళ్లు అంతగా కుమిలిపోరు.

డబ్బు ఆగాక

ఉత్తర ఉగాండాలో 2008లో ప్రభుత్వం యువకుల బృందాలకు, ఒక్కో మనిషికి సుమారు 400 డాలర్ల చొప్పున ఇచ్చింది. చేతివృత్తి నేర్చుకుని పనిముట్లు కొనుక్కోవడానికి ఆ డబ్బు. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన మిగతావాళ్లకంటే 38 శాతం ఎక్కువగా ఉంది. తొమ్మిదేళ్లకు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. వీళ్లు పడిపోలేదు, మిగతావాళ్లు మెల్లగా అందుకున్నారు. మిగిలింది కొంత ఆస్తి, చేతిలో ఉన్న వృత్తి. దీన్ని వైఫల్యం అనేవాళ్లున్నారు. ఇరవైల్లో ఉన్న మనిషికి కొన్నేళ్లు ముందుగా నిలదొక్కుకునే వీలు దొరికితే, ఆ ఏళ్లు ఎవరూ వెనక్కి తీసుకోలేరని నేననుకుంటాను. మలావీలో మాత్రం నిరాశే. డబ్బు ఆగిన రెండేళ్లకు షరతు లేని జట్టులో వాయిదా పడిన పెళ్లిళ్లూ కాన్పులూ చాలావరకు జరిగిపోయాయి.

చిన్న మొత్తాల మీద పెద్ద ఆశలు పెట్టడం ఇంకో పొరపాటు. రువాండాలో ఒక పోషకాహార కార్యక్రమానికి అయ్యే ఖర్చునే, ఇంటికి సుమారు 140 డాలర్లు, నగదుగా ఇచ్చి చూశారు. ఆ డబ్బుతో కుటుంబాలు అప్పులు తగ్గించుకున్నాయి, కాస్త ఆస్తి కూడబెట్టుకున్నాయి, పిల్లల పోషణలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 500 డాలర్లు దాటి ఇచ్చినప్పుడు తిండిలోనూ మార్పు మొదలైంది. అప్పు ఉన్న ఇంట్లో మొదటి విడత వెళ్లేది అప్పులవాడికే. ఆ తర్వాతే పళ్లెంలోకి వస్తుంది. ఇక బడిలో టీచరు, ఆసుపత్రిలో మందులు లేకపోతే చేతిలో డబ్బున్నా అవి ఆ ఊళ్లో పుట్టుకు రావు. ఫీజు కట్టగల తండ్రి మూత పడిన బడి ముందు చేయగలిగింది ఏమీ లేదు.

ఇక తేదీ సంగతి. డబ్బు జమ చేసే తేదీని ఆఫీసులు తమ వీలును బట్టి, నిధులు విడుదలైన రోజును బట్టి పెట్టుకుంటాయి. విత్తు వేసే వారానికి ముందే ఖాతాలో పడిన సొమ్ముతో కుటుంబం తనకు నచ్చిన విత్తనం కొనుక్కుంటుంది. అదే సొమ్ము విత్తిన నెలకు పడితే, అరువు తెచ్చిన విత్తనానికి వడ్డీతో కలిపి బాకీ తీర్చడానికి పోతుంది. పద్దు పుస్తకంలో మాత్రం రెంటికీ ఒకటే అంకె రాసి ఉంటుంది.